దూడ తనంతట తానే వచ్చెనా?

ధ్యానమునకు: నిర్గమకాండము 32వ అధ్యాయము



కొంతకాలము క్రిందట ఇక్కడ యౌవనస్థుల కూటములో ఒక చిన్నవాడు లేచి, "అయ్యగారూ, ఈ ఏఐ వచ్చి మనుషులందరినీ అంతం చేస్తుందంటున్నారు. నిజమేనా? బైబిలు ఏమంటుంది?" అని అడిగెను. ఆ చిన్నవాడు ప్రతి ఉదయము మారికుప్పము నుండి వచ్చు రైలును టేకల్ స్టేషనులో ఎక్కి వైట్‌ఫీల్డుకు పోవును. అక్కడ ఒక కంపెనీలో ఫోటోలకు గుర్తులు పెట్టుట అతని పని. ఇది లారీ, ఇది ఆవు, ఇది రోడ్డు దాటుచున్న మనిషి అని కంప్యూటరు మీద గీతలు గీసి యంత్రమునకు నేర్పవలెను. తాను నేర్పిన యంత్రమే రేపు తన పనిని తీసికొనునేమో అను భయము ఆ ప్రశ్న వెనుక ఉండెను. అతడు అంతము అన్నప్పుడు లోకాంతము కంటె ముందు నెల జీతము అంతమగుటయే అతని మనస్సులో ఉండెనని మాకు తోచెను.

ఆ దినమున మేము సరియైన జవాబు చెప్పలేదు. అంత్యదినములను గూర్చి రెండు మాటలు చెప్పి, ప్రార్థన చేసి, కూటము ముగించితిమి. జవాబు చెప్పుటకు మాకు నోరు రాకపోవుటకు ఒక కారణము కలదు. దానిని ముందుకు పోయి చెప్పెదము. చెప్పక తప్పదు.

మొదట ఆ యంత్రము ఏమిటో తెలిసికొందము. తెలియనిదానికి భయపడుట సులభము, మ్రొక్కుట ఇంకను సులభము. కృత్రిమ మేధ అనగా సినిమాలో నడచి వచ్చు ఇనుప మనిషి కాదు. మనుష్యులు వ్రాసిన కోట్లాది పుటలను, తీసిన ఫోటోలను, పలికిన మాటలను లెక్కలు చేయు పెద్ద యంత్రములకు చూపుదురు. ఒక మాట తరువాత ఏ మాట రావలెనో అది ఊహించవలెను. తప్పినప్పుడెల్ల దాని లోపలి అంకెలను కొంచెము సవరించుదురు. ఈలాగు లెక్కలేనన్ని మారులు చేయగా చేయగా ఆ అంకెలన్నియు ఒక అమరికకు వచ్చి, మనము అడిగినదానికి మనిషి చెప్పినట్లే జవాబు వచ్చును. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ అనునది ప్రజల చేతికి వచ్చినది. అప్పటి నుండి ఇట్టివి ఎన్నో వచ్చినవి, తెలుగులోను మాటలాడుచున్నవి. ఇందులో వింత ఏమనగా, ఆ అంకెలలో ఏది ఏ పని చేయుచున్నదో దానిని చేసినవారికే పూర్తిగా తెలియదు. గడియారము చేసినవానికి అందులోని ప్రతి చక్రము తెలియును. ఇది అటువంటి పని కాదు.

ఈ యంత్రములకు తండ్రివంటివాడని లోకము చెప్పుకొను శాస్త్రజ్ఞుడు జెఫ్రీ హింటన్. 2023 మే నెలలో ఆయన గూగుల్ కంపెనీలోని ఉద్యోగము విడిచి, తాను పెంచినదానిని గూర్చి తానే హెచ్చరించుట మొదలుపెట్టెను. మరుసటి సంవత్సరము, 2024లో, ఆయనకు భౌతికశాస్త్రములో నోబెల్ బహుమానము వచ్చెను. రాబోవు ముప్పది సంవత్సరములలో ఈ యంత్రములు మానవజాతిని తుడిచిపెట్టు అవకాశము నూటికి పది నుండి ఇరువది పాళ్లు ఉండవచ్చునని ఆయన ఆ సంవత్సరాంతమున చెప్పెను. అంతకు ముందే, 2023 మే 30న, వందలాది శాస్త్రజ్ఞులు కలిసి ఒకే ఒక వాక్యముగల ప్రకటన మీద సంతకము చేసిరి. మహమ్మారి తెగుళ్లను, అణుయుద్ధమును ఎంత తీవ్రముగా ఎంచుచున్నామో ఈ యంత్రముల వలని ప్రమాదమును కూడ అంత తీవ్రముగా ఎంచవలెనని దాని భావము. ఆ యంత్రములను చేయు కంపెనీల అధిపతులు కొందరు కూడ అందులో సంతకము చేసిరి. ఇల్లు కట్టుచున్న మేస్త్రీ వీధిలోనికి వచ్చి, ఈ ఇల్లు కూలవచ్చునని అందరికి చెప్పి, మరల లోపలికి పోయి పై అంతస్తు మొదలుపెట్టినట్లున్నది. మాకైతే ఇది ఇంతవరకు అర్థము కాలేదు.

అందరు శాస్త్రజ్ఞులు ఒకే మాట మీద ఉన్నారని అనుకొనవద్దు. హింటన్‌తోను, యోషువా బెంజియోతోను కలిసి 2018వ సంవత్సరపు ట్యూరింగ్ బహుమానము పంచుకొనిన యాన్ లెకున్, ఈ భయము మితిమీరినదని చెప్పుచున్నాడు. ఒకే బహుమానమునకు ముగ్గురు చేతులు చాపిన వారిలోనే ఏకాభిప్రాయము లేనప్పుడు టేకల్‌లో కూర్చున్న మనము ఆ తగవును తీర్చలేము.

అయితే మన సంఘములలో కొందరు దీనిని చాల సులభముగా తీర్చివేయుచున్నారు. ప్రకటన గ్రంథము 13వ అధ్యాయములో ఊపిరి పొంది మాటలాడు ప్రతిమ ఇదియే అని ఫోనులలో సందేశములు పంపుకొనుచున్నారు. ప్రియులారా, దుకాణములోని సబ్బుబిళ్ల మీద నల్లగీతలు మొదట వచ్చినప్పుడు అవే మృగము ముద్ర అని చెప్పిన కాలము మీలో పెద్దలకు జ్ఞాపకమున్నది. ఆ కరపత్రములను బంగారుపేట ప్లాట్‌ఫారము మీద పంచినవారిలో మేమును ఉంటిమి. తరువాత ఆధార్ కార్డును కూడ అట్లే అనిరి. ఆ దినమును గూర్చి తండ్రి తప్ప ఎవరును ఎరుగరని ప్రభువు మత్తయి 24వ అధ్యాయములో చెప్పియుండగా, కొత్త వస్తువు వచ్చిన ప్రతిసారి మనము తారీఖు వేయుట ఆయన మాటను త్రోసివేయుటయే. దీనిని ఇక్కడ విడిచిపెట్టెదము. ఈ యంత్రమును గూర్చి మా మనస్సాక్షిని పట్టుకొనిన వాక్యభాగము వేరొకటి ఉన్నది.

మోషే సీనాయి కొండ మీద ఆలస్యము చేసెను. క్రింద జనులకు ఓపిక లేకపోయెను. తమకు ముందు నడచునది ఏదైన చేసి పెట్టుమని అహరోనును అడిగిరి. వారు అడిగినది మొదట విగ్రహమును కాదు, దారి చూపుదానిని. కనిపెట్టుటకు ఓపిక లేనివాడు తొందరగా జవాబు చెప్పుదానిని వెదకును. అహరోను వారితో, మీ భార్యల చెవులలోను, మీ కుమారుల, కుమార్తెల చెవులలోను ఉన్న పోగులు తెండి అనెను. జనులందరు తెచ్చి ఇచ్చిరి. ఆ దూడలో ప్రతి గుడారపు బంగారము ఉన్నది.

ఈ కొత్త దూడలోను మన బంగారము ఉన్నది. మన పెద్దలు వ్రాసినవి, మన పిల్లల ఫోటోలు, పెండ్లి వీడియోలు, మనము పాడి పెట్టిన పాటలు, ఒకరితో ఒకరు వాదించుకొనిన వాదములు, అన్నియు ఏరి ఆ కొలిమిలో వేసిరి. ఇశ్రాయేలీయులు తెలిసి ఇచ్చిరి, మనము తెలియక ఇచ్చితిమి. అంతే భేదము. అందుచేతనే అది మాటలాడినప్పుడు మనకు తెలిసినవారి గొంతువలె వినబడును. అందులో మ్రోగునది మన చెవిపోగులే.

మోషే దిగి వచ్చి, ఏమి చేసితివని అహరోనును నిలదీయగా అతడు చెప్పిన జవాబును చూడుడి. జనులు దుష్టులని మొదట నేరము వారి మీద వేసెను. తరువాత, వారు బంగారము ఇచ్చిరనియు, తాను దానిని నిప్పులో పడవేసితిననియు, ఈ దూడ బయటికి వచ్చినదనియు చెప్పెను. దూడ తనంతట తానే నడచి వచ్చినట్లు! అదే అధ్యాయము 4వ వచనములో అతడు పోగర పట్టి, రూపము దిద్ది, పోత పోసి దానిని చేసెనని వ్రాయబడియున్నది. 24వ వచనమునకు వచ్చునప్పటికి ఆ పోగర ఎక్కడికి పోయెను?

బంగారము తనంతట తాను ఏమియు కాదని కోలారు వారికి వేరొకరు చెప్పనక్కరలేదు. టన్నులకొలది రాయిని త్రవ్వి, పైకి తెచ్చి, పిండివలె నూరి, సయనైడు నీటిలో కరిగించి తీసిన గాని కొన్ని గ్రాములు చేతికి రావు. మన టేకల్ ప్రక్కన శివారపట్నములో తరతరములుగా రాతిని చెక్కు శిల్పులు ఉన్నారు. వారు చెక్కు రూపములను మనము పూజింపము, అది వేరు సంగతి. కాని రాయి తనంతట తానే ఆ రూపము దాల్చినదని ఆ శిల్పులలో ఒక్కడైనను చెప్పుట మేము వినలేదు. ముక్కు విరిగినయెడల, నా ఉలి తప్పినది అని ఒప్పుకొందురు. ఆ యథార్థత దేవుని ప్రధానయాజకునికి లేకపోయెను.

అహరోను మాట ఈ దినములలో మనము ఎక్కడ వినుచున్నాము? ముసలమ్మ పింఛను కొరకు పోవును. "కంప్యూటరులో నీ పేరు లేదమ్మా" అందురు. ఒకడు అప్పు కొరకు పోవును. "మేము ఇవ్వాలనే అనుకున్నాం, సిస్టమ్ ఒప్పుకోవడం లేదు" అందురు. ఎవరు తీసివేసిరి, ఎందుకు ఒప్పుకొనలేదు అని అడిగినయెడల అందరు చేతులు చూపుదురు. చేసినవాడు లేడు, పని మాత్రము జరిగిపోయినది. ఇంతవరకు ఈ మాటకు ఆధారము చిన్న యంత్రము. ఇప్పుడు తానుగా ఆలోచించినట్లు కనబడు యంత్రము వచ్చినది గనుక ఆ సాకు ఇంకను బలపడును. ఎవరిని ఆసుపత్రిలో చేర్చుకొనవలెను, ఎవరిని పనిలో నుండి తీసివేయవలెను, యుద్ధములో ఏ ఇంటి మీద బాంబు వేయవలెను, అన్నిటికిని నిప్పులో వేసితిమి, ఇది వచ్చినది అని చెప్పుటకు వీలు కలుగును.

ఇప్పుడు మా సంగతి చెప్పవలెను.

ఆ యౌవనస్థుల కూటమునకు మూడు వారముల ముందు మన కూటములో ఒక పెద్దాయన ప్రభువునందు నిద్రించెను. డెబ్బది ఎనిమిది సంవత్సరములవాడు. గనిలో పని చేసినవాడు. గనులు మూతపడిన తరువాత కుమారునితో టేకల్‌కు వచ్చి ఉండెను. అదే వారములో మాకు ఇంకొక సమాధి కార్యక్రమము, ఒక పెండ్లి కూడ ఉండెను. రాత్రి పదకొండు గంటలకు కూర్చుండి ఆయనను గూర్చి నాలుగు మాటలు వ్రాయవలెనని ప్రయత్నింపగా మాకు ఏమియు తోచలేదు. ఇంట్లోని కుర్రవాడు ఫోను తెచ్చి, దీనిని అడుగుడని చూపెను. పేరు, వయస్సు, కేజీఎఫ్ గని కార్మికుడు, బాప్టిస్టు విశ్వాసి అని చెప్పితిమి. అర నిమిషములో రెండు పుటలు వచ్చెను. మంచి తెలుగు. మేము వ్రాసిన దానికంటె మంచి తెలుగు. వచనములు కూడ సరిగా ఉండెను. మేము దేవునికి స్తోత్రము చెప్పి పండుకొంటిమి.

మరునాడు సమాధి యొద్ద దానిని చదివితిమి. కొందరు కన్నీరు తుడుచుకొనిరి. చాంపియన్ రీఫ్ గనిలో ముప్పది సంవత్సరములు శ్రమపడెననియు, సంఘములో డీకనుగా నమ్మకముగా సేవచేసెననియు, ఒక్క ఆదివారమైనను ఆరాధన మానలేదనియు అందులో ఉండెను. అన్నియు ముగిసి మట్టి వేసిన తరువాత ఆయన భార్య మా యొద్దకు వచ్చి నెమ్మదిగా ఇట్లనెను: "అయ్యగారూ, మా ఆయన చాంపియన్ రీఫులో ఏనాడూ దిగలేదు. నందిదుర్గంలో చేసినాడు. డీకనూ కాదు. మీరు చదివింది ఎవరిని గురించో."

మేము ఏమని జవాబు చెప్పితిమో వినుడి. "అమ్మా, అది కంప్యూటరు వ్రాసినదమ్మా" అంటిమి.

ఆమె ఏమియు అనలేదు. కొంగు సర్దుకొని పోయెను. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో వరుస చొప్పున చదువుచున్న భాగము నిర్గమకాండము 32వ అధ్యాయము. 24వ వచనము చదువువారు చదువుచుండగా మేము తల ఎత్తలేకపోతిమి. పేరు పెట్టి అడిగినది మేము, ఒక్కసారి ఆ ఇంటికి పోయి కనుగొనక చదివినది మేము. పోగర మా చేతిలోనే ఉండెను. ఇందుచేతనే ఆ చిన్నవాని ప్రశ్నకు జవాబు చెప్పుటకు మాకు నోరు రాలేదు.

ఇక ఆ ప్రశ్నకు వచ్చెదము. ప్రమాదము నిజమేనా? నిజమే. అయితే గనిలోని మన పెద్దలకు రెండు విధములైన ప్రమాదములు ఉండెను. ఒకటి రాతి ప్రేలుడు. లోతునకు పోయిన కొలది పై రాయి భారము పెరిగి, గోడ ఒక్కసారిగా పగిలి మీదపడును. చాంపియన్ రీఫ్ మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు పోయినది. రాతి ప్రేలుడు వచ్చినప్పుడు పైన ఇండ్లలో గిన్నెలు కదలెడివని మీ తల్లులు చెప్పగా వినియుందురు. దానికి అందరు భయపడిరి. రెండవది ధూళి. యంత్రపు డ్రిల్లుతో రాతిని తొలుచుచుండగా లేచు సన్నని రాతిపొడి ఊపిరితిత్తులలో చేరి అక్కడనే ఉండిపోవును. దానికి శబ్దము లేదు. మన దేశములో సిలికోసిస్ అను ఈ వ్యాధిని గూర్చిన మొదటి నివేదిక 1947లో వచ్చినది మన కోలారు గనుల నుండియే. 7,600 మందికి పైగా పనివారిని పరీక్షింపగా నూటికి నలువదిమందికి మించి ఆ వ్యాధి కనబడెను. దూడను కాల్చి, పొడిచేసి, నీళ్లలో చల్లి, ఇశ్రాయేలీయులచేత త్రాగించెనని వ్రాయబడినది చదివినప్పుడెల్ల మాకు ఆ మనుష్యుల దగ్గు వినబడును. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడెను గాని సయనైడు దిబ్బలు ఇంకను నిలిచియున్నవి. గాలికాలములో ఆ పొడి వచ్చి ఇండ్లలో పడుచునే ఉన్నది. బంగారము ఎవరి పెట్టెలలోనికో పోయెను, ధూళి మాత్రము మనవారికి మిగిలెను.

యంత్రము అందరిని ఒక్క దినమున చంపునా అనునది రాతి ప్రేలుడును గూర్చిన ప్రశ్న. ఎవరి మాట నిజమో తెలియకపోవుట, మనుమని గొంతుతో ఫోను వచ్చి అమ్మమ్మ దాచుకొనిన డబ్బు పోవుట, ఏ తప్పునకు ఎవరును బాధ్యులు కాకపోవుట, దుఃఖములో ఉన్న విధవరాలికి కాపరి పోయి కూర్చుండుటకు బదులు రెండు పుటలు పంపుట, ఇవన్నియు ధూళి. ధూళి అప్పుడే మన నోటిలోనికి వచ్చినది. మాకు రుచి తెలిసినది.

ధూళి నిజము గనుక రాతి ప్రేలుడు అబద్ధమని మేము చెప్పుటలేదు. గనిలో ఎవరును అట్లు చెప్పలేదు. రాతి లోపలి చిన్న చిన్న పగుళ్ల ధ్వనులను విను పరికరములను అక్కడ గోడలలో అమర్చిరి. శిలల బలమును పరిశోధించు జాతీయ సంస్థ 1988లో మన కేజీఎఫ్‌లోనే స్థాపింపబడెను. ఇంకను లోతునకు పోవుటకు ముందు రాయి ఏమి చెప్పుచున్నదో వినుడి అనునదే ఆ పరికరముల పని. ఇప్పుడు హెచ్చరించుచున్న శాస్త్రజ్ఞులు కోరుచున్నది ఇంచుమించు అదియే. లోపల ఏమి జరుగుచున్నదో తెలియని గనిని ఇంత వేగముగా త్రవ్వవద్దని వారు చెప్పుచున్నారు. వారు పూర్తిగా సరియో కాదో మేము ఎరుగము. కాని రాయి ధ్వనిని వినుటకు ఆగుడని చెప్పువానిని పిరికివాడని గని తెలిసిన ఊరివారు ఎగతాళి చేయరాదు.

యంత్రమును ద్వేషింపుమనియు మేము చెప్పము. ఎక్సరే ఫోటోలో క్షయవ్యాధి గుర్తులను కనిపెట్టు కంప్యూటరు పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అంగీకరించెను. ఎక్సరే చూచు డాక్టరు లేని ఊళ్లలో దీని వలన ఎందరో బ్రదుకుదురు. రాతిధూళి పట్టిన ఊపిరితిత్తులకు క్షయ సులభముగా అంటునని గని కుటుంబములకు తెలియును. మన తాతల కాలములో ఇట్టిది ఉండినయెడల ఎంత మేలై ఉండెడిదో! బంగారముతోనే ఇశ్రాయేలీయులు తరువాత ప్రత్యక్షగుడారపు దీపస్తంభమును చేసిరి. అదే జనుల చేతులు. 35వ అధ్యాయము మొదలుకొని చదివిన యెడల అక్కడ ఎవరు ఏమి ఇచ్చిరో, ఎవరు ఏమి చేసిరో వ్రాయబడియున్నది. బెసలేలు పేరు ఉన్నది, అహొలీయాబు పేరు ఉన్నది. దీపస్తంభము తనంతట తానే వచ్చెనని ఎవరును చెప్పలేదు.

అహరోనుకు ఎదురుగా ఒక మనుష్యుని చెప్పవలెనని తోచుచున్నది. ఆయన మన సంఘపువాడు కాదు, మన దేశపువాడును కాదు. పేరు స్తానిస్లావ్ పెత్రోవ్, సోవియట్ సైన్యములో అధికారి. 1983 సెప్టెంబరు 26న, అర్ధరాత్రి దాటిన వేళ, శత్రువుల అణుక్షిపణులను కనిపెట్టు యంత్రము ముందు కావలి కూర్చుండెను. అమెరికా క్షిపణి విడిచినదని యంత్రము చెప్పెను. తరువాత మరి నాలుగు అనెను. పైవారికి దాడి జరుగుచున్నదని తెలియజేయుటయే ఆయన విధి. యంత్రము చెప్పినది, నేను అందజేసితిని అని ఊరకుండినయెడల ఏ సైనిక న్యాయస్థానమును ఆయనను తప్పుపట్టదు. ఆయన ఆలోచించెను. యుద్ధము ఆరంభించువారు అయిదింటితో ఆరంభింపరు అనుకొనెను. ఇది యంత్రము పొరపాటు అని తన నోటితో, తన బాధ్యత మీద పైవారికి చెప్పెను. మేఘముల మీద సూర్యకాంతి పడి మెరయగా యంత్రము మోసపోయెనని తరువాత తేలెను. అప్పట్లో ఆయనకు బహుమానమేమియు రాలేదు. యెహెజ్కేలు 33వ అధ్యాయములో కావలివానిని రక్తాపరాధమునకు లెక్క అడుగుదునని దేవుడు చెప్పుచున్నాడు. బూరను లెక్క అడుగుదునని చెప్పలేదు.

వైట్‌ఫీల్డు రైలెక్కు ఆ చిన్నవానికి మేము మరల జవాబు చెప్పవలసియుండెను గనుక పోయిన ఆదివారము అతనిని ప్రక్కన కూర్చుండబెట్టుకొంటిమి. నీ పని పోవచ్చును, పోదని మేము చెప్పలేము అంటిమి. 2001లో మీ తాత పని పోయినప్పుడు ఏ యంత్రమును తీసికొనలేదు. బంగారమునకు అయిన ఖర్చు బంగారము ధరను మించినదని కాగితము మీద లెక్క వేసిరి, గని మూసిరి. ఆ లెక్క వేసినవారికి పేర్లు ఉండెను గాని మనకు ఎవరును చెప్పలేదు. నీ విషయములో అట్లు జరుగనియ్యకూడదు. అతడు, "మరి సంఘం ఏం చేస్తుంది అయ్యగారూ?" అనెను. న్యాయమైన ప్రశ్న. బెంగళూరు సంఘములలో సాఫ్ట్‌వేరు పని చేయు మన బిడ్డలు ఎందరో ఉన్నారు. నెలకు ఒక్క ఆదివారము ఆరాధన తరువాత రెండు గంటలు టేకల్‌కు వచ్చి ఇక్కడి పది పన్నెండుమంది పిల్లలకు ఇంకొక మెట్టు పని నేర్పుటకు మనస్సు గలవారు ఉన్నయెడల మాకు తెలియజేయవలెనని ఈ పత్రిక ద్వారా కోరుచున్నాము. స్టేషను నుండి మందిరము నడక దూరమే. మధ్యాహ్న భోజనము మా ఇంట.

మా బల్ల మీద ఫోను ఇంకను ఉన్నది. వచనము ఎక్కడున్నదో మరచినప్పుడు దానిని అడుగుచున్నాము. అయితే ప్రసంగ వేదిక మీద మేము పలికిన ఏ మాటను గూర్చియైనను ఇకమీదట ఎవరైన అడిగినయెడల, అది మేము చెప్పినది అని జవాబు చెప్పుదుమని పెద్దల ముందు మాట ఇచ్చితిమి.

ఆ తల్లి ఇంటికి పోయితిమి. క్షమించుమని అడిగితిమి. ఆమె కాఫీ పెట్టి ఇచ్చి, "ఇప్పుడు రాసుకోండి" అనెను. మూడు సాయంకాలములు కూర్చుంటిమి. ఆయన నందిదుర్గం గనిలో టింబరు పని, అనగా పై రాయి కూలకుండ దుంగలు నిలుపు పని, చేసినవాడు. కోపిష్ఠి. మందిరపు స్థలము విషయములో పెద్దలతో మాట పట్టింపు వచ్చి పదకొండు సంవత్సరములు సంఘమునకు రాలేదు. ఆమె మాత్రము పిల్లలను తీసికొని వచ్చుచుండెను. ఒక వానకాలములో మందిరపు దూలము ఒరిగినదని విని, ఎవరును పిలువకయే ఒక దుంగ భుజము మీద పెట్టుకొని వచ్చి, దానిని నిలిపి, చేతులు కడుగుకొని పోయెను. ఆ ఆదివారము వచ్చి వెనుక వరుసలో కూర్చుండెను. దుంగ పట్టునో లేదో చూచుకొనుటకు వచ్చితినని ఇంటిలో చెప్పెనట.

ఆదరణ కూటములో ఆ కాగితమును చదివితిమి. ఆ మాట పట్టింపు పడిన పెద్దలలో ఇద్దరు ముందు వరుసలో ఉండిరి. పదకొండు సంవత్సరములు ఆయన సంఘమునకు దూరముగా ఉండెనని చదువునప్పుడు మా గొంతు కొంచెము తడబడెను. ఆమె స్త్రీల వైపు నుండి చెయ్యి ఎత్తెను.

"పదకొండు కాదయ్యా, పన్నెండు."

కలము తీసి అక్కడనే దిద్దితిమి.